40 చదరపు మీటర్ల ఎపాక్సీ గచ్చు: పని డైరీ, రెండేళ్ల ఖర్చూ మన్నికా లెక్కతో

గది: 8 మీ. × 5 మీ. వర్క్‌షాపు, రోజూ ఒక కారు లోపలికొస్తుంది.
కింద ఉన్నది: నేల మీద పోసిన 120 మి.మీ. కాంక్రీటు, అడ్డంగా రెండు కోత జాయింట్లు.
పైన ఉన్నది: రోలరుతో వేసిన పాత ఎపాక్సీ పెయింటు. వేసిన 14 నెలలకే పెచ్చులుగా లేచింది.

ఎపాక్సీ అంటే రెజిన్, హార్డెనరు అనే రెండు భాగాలు కలిపితే గట్టిపడే పూత. లెక్కలు రెండు రకాలుగా రాస్తున్నాం. పనిగంట అంటే ఒక మనిషి ఒక గంట. ధరలు చోటును బట్టి, ఏడాదిని బట్టి మారిపోతాయి కాబట్టి డబ్బు అంకెలు వేయడం లేదు. సామగ్రి, అద్దె యంత్రాలు కలిపి మొత్తం ఖర్చును 100 భాగాలుగా తీసుకున్నాం. కూలి ఇందులో లేదు, దానికి గంటలు చూసుకోండి.

## దశ 0: పాత పూత ఎందుకు లేచింది

కొత్త డబ్బా తెరిచేముందు పాత పెచ్చును తిప్పి చూడాలి. చాలామంది ఊడినదంతా చిమ్మి పారేస్తారు, సమాధానం దాంట్లోనే ఉంటుంది. మూడు చోట్ల నుంచి తీసిన పెచ్చులు మూడు వేర్వేరు సంగతులు చెప్పాయి.

గది మధ్యలోది: మందం 0.11 మి.మీ. (వెర్నియర్ కొలత). అడుగున పౌడరు అద్దినట్టు తెల్లటి పొర అంటుకుని ఉంది. గోటితో గీకితే బూడిదలా రాలింది. అది కాంక్రీటు పోసినప్పుడు పైకి తేలి ఎండిన సిమెంటు పాలపొర. అంటే పెయింటు బాగానే పట్టుకుంది, అయితే అది పట్టుకున్న పొరకే కింద బలం లేదు. గ్రైండింగ్ చేయకుండా కడిగి పూసేశారన్న మాట.

టైర్లు ఆగే చోటుది: అడుగు శుభ్రంగా ఉంది, పైన టైరు అచ్చు పడింది. ప్రయాణం చేసి వచ్చిన టైరు వేడిగా ఉంటుంది. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఎపాక్సీ చాలావరకు 45–60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలెడుతుంది. చల్లారే టైరు ఆ మెత్తటి పొరను పట్టి పైకి లాగుతుంది.

గోడవారది: నాణెమంత పొక్కులు. సూదితో పొడిస్తే నీళ్లొచ్చాయి. ఇది కింది నుంచి వచ్చే చెమ్మ.

మూడింటిలో పైనుంచి అరిగిపోయినది ఒక్కటీ లేదు. ఎపాక్సీ గచ్చు ఎన్నేళ్లు ఆగుతుందనే ప్రశ్నకు జవాబు డబ్బా మీద కన్నా కాంక్రీటులోనే ఎక్కువ ఉంటుంది. అందుకే కింది పేజీల్లో సగం పూత మొదలవ్వకముందు జరిగిన పని గురించే.

మొత్తం ఇప్పటికి: 2 పనిగంటలు.

## దశ 1: చెమ్మ, బలం కొలతలు

1. 45 సెం.మీ. చదరపు ప్లాస్టిక్ షీట్లు నాలుగు చోట్ల పరిచి అంచులన్నీ టేపు వేశాం. కనీసం 16 గంటలు ఉంచాలి, మేం 24 ఉంచాం. గోడవారగా ఉన్న రెండింటి కింద కాంక్రీటు నల్లబడింది.
2. షీటు కింద తడి కనిపిస్తే చెమ్మ ఉన్నట్టే. కనిపించకపోతే మాత్రం లేనట్టు కాదు, లోతులో ఉండొచ్చు. అందుకని శ్లాబు మందంలో 40 శాతం లోతుకు, అంటే 48 మి.మీ. రంధ్రాలు వేసి, దుమ్ము లాగేసి, తేమ ప్రోబులు బిగించి 24 గంటలు వదిలాం. ఏఎస్‌టీఎం ఎఫ్ 2170 అనే అమెరికా పరీక్ష ప్రమాణం చెప్పే పద్ధతి ఇదే.
3. ప్రోబు అంకెలు: 78, 79, 81 శాతం. గోడవార 91.

ముందు అనుకున్న మామూలు ప్రైమరు (అసలు పొర పట్టుకోవడానికి ముందుగా వేసే పూత) సూచనపత్రం 85 శాతం వరకే ఒప్పుకుంటోంది. గోడవార 12 చదరపు మీటర్లకు మాత్రం చెమ్మను ఆపే ఎపాక్సీ వేసి, మిగతా చోట మామూలు ప్రైమరు వేద్దామని లెక్క వేశాం. తర్వాత మార్చాం. ఒకచోట దారి మూస్తే చెమ్మ పక్కకు జరుగుతుంది, పైగా రెండు ప్రైమర్లు కలిసే గీత గది మధ్యలో పడుతుంది. చెమ్మను ఆపే పొర ప్రైమరు పని కూడా చేస్తుంది కాబట్టి అదనపు ఖర్చు రెండింటి మధ్య తేడా మేరకే. మొత్తం గదికి అదే ఖాయం చేశాం.

బలం కొలిచే లాగుడు పరీక్ష గ్రైండింగ్ అయ్యాకే చేయాలి. ముందే చేస్తే సిమెంటు పాలపొర బలాన్ని కొలిచినట్టవుతుంది. 50 మి.మీ. బిళ్లలు మూడు అంటించి లాగితే 1.9, 1.7, నూనె మరక మీద 0.8 మెగాపాస్కల్ వచ్చాయి. గచ్చు పూతలకు సాధారణంగా అడిగేది 1.5. అంకెతో పాటు ఎక్కడ విరిగిందో కూడా రాసుకోండి. మొదటి రెండు బిళ్లలకూ కాంక్రీటు ముక్క అంటుకుని వచ్చింది, అంటే అతుకు కన్నా కాంక్రీటే ముందు తెగింది. మూడో బిళ్ల నున్నగా ఊడివచ్చింది.

మొత్తం ఇప్పటికి: 5 పనిగంటలు.

## దశ 2: గ్రైండింగ్, నూనె మరక, పగుళ్లు

ఆమ్లం పోసి కడిగే పద్ధతిని మొదటే పక్కన పెట్టాం. పాత పెయింటు ఉన్న చోట అది పనిచేయదు, నూనెను కదపదు. పైగా కాంక్రీటుకు బోలెడు నీళ్లు తాగించి లవణాలు మిగులుస్తుంది. 91 శాతం చెమ్మ ఉన్న శ్లాబుకు ఇంకా నీళ్లు పెట్టడంలో అర్థం లేదు.

మొదటి తప్పు. 30 గ్రిట్ డైమండ్ సెగ్మెంట్లతో (గ్రైండరు అడుగున బిగించే అరగదీసే బిళ్లలు) నేరుగా పాత పెయింటు మీదికి వెళ్లాం. రాపిడి వేడికి పెయింటు కరిగి డైమండ్ల మీద జిగురులా పరుచుకుంది. యంత్రం తిరుగుతోంది గానీ కోయడం లేదు, నేల మీద నల్లటి చారలే మిగిలాయి. గంటన్నర వృథా. పెయింటును గీకి తీయడానికి పీసీడీ (పాలీక్రిస్టలైన్ డైమండ్) సెగ్మెంట్లు వేరే ఉంటాయి. వాటితో నాలుగు గంటల్లో పాత పొరంతా పోయింది. ఆ తర్వాతే 30 గ్రిట్ డైమండ్లు బిగించి ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా నడిపాం: 7 గంటలు. గోడల అంచు 26 మీటర్లకు 125 మి.మీ. చేతి గ్రైండరు, కప్పు చక్రం, దుమ్ము తొడుగు: మూడున్నర గంటలు. వాక్యూమ్ రెండుసార్లు: 2 గంటలు.

కావలసిన గరుకు, కాంక్రీటు గరుకుతనపు కొలమానంలో, సీఎస్‌పీ 3 దగ్గర. నమూనా పలకలు పక్కన పెట్టి వేలితో తడిమి పోల్చుకోవడమే పద్ధతి. తలుపు దగ్గర మొదట నున్నగా వచ్చింది. అద్దంలా నున్నగా ఉన్న కాంక్రీటు చూడ్డానికి బాగుంటుంది, పూతకు మాత్రం పట్టు ఇవ్వదు. అక్కడ మళ్లీ నడిపాం.

దుమ్ము విషయంలో సర్దుబాటు వద్దు. కాంక్రీటు దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. గ్రైండరుకు హెపా ఫిల్టరు ఉన్న వాక్యూమ్ తగిలించాలి, ముఖానికి సరిగ్గా అమరే పీ100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు ఉండాలి. పొడి చీపురుతో ఊడవకూడదు.

నూనె మరక. అర చదరపు మీటరు. క్షార డీగ్రీజరు పోసి బ్రష్షుతో రుద్ది, కడిగి, ఆరబెట్టి, నీటి చుక్క వేశాం. చుక్క ముత్యంలా నిలబడింది. మూడోసారి రుద్దాక కూడా అంతే. కాంక్రీటు నూనెను అంత లోతుకు తాగిందంటే కడగడం ఆపి కోయడమే దారి. 6 మి.మీ. లోతుకు చెక్కి ప్రైమరు రాసి, ఒక వంతు రెజిన్ మిశ్రమానికి ఆరు వంతుల ఇసుక బరువున కలిపిన ఎపాక్సీ మోర్టారుతో నింపాం. 3 లీటర్ల గుంత, 6 కిలోల మోర్టారు, నాలుగు గంటలు.

పగుళ్లు, పల్లం. కదలని సన్న పగులు నాలుగున్నర మీటర్లు. దాన్ని 6 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. లోతున వి ఆకారంలో తెరిచి ఎపాక్సీ ముద్ద పెట్టాం, 0.2 కిలో సరిపోయింది. రెండు మీటర్ల మట్టపు బద్ద పెట్టి చూస్తే ఒకచోట 4 మి.మీ. పల్లం. దానికి 4.8 కిలోల మోర్టారు. ఇవి రెండూ కలిపి 2 గంటలు. కోత జాయింట్లను మాత్రం నింపలేదు. శ్లాబు కదిలేది అక్కడే. నింపి పైన పూత వేస్తే ఆ గీత వెంటే మళ్లీ పగులుతుంది.

మొత్తం ఇప్పటికి: 29 పనిగంటలు, 11 కిలోల సామగ్రి.

## దశ 3: చెమ్మను ఆపే పొర

పూత వేసే ప్రతిసారీ మంచుబిందువు, అంటే గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత, లెక్క కట్టాలి. తేమ 50 శాతం దాటినప్పుడు పనికొచ్చే సులువు సూత్రం ఇది: గాలి ఉష్ణోగ్రతలోంచి, (100 − తేమ శాతం) ÷ 5 తీసేయండి. గాలి 27 డిగ్రీలు, తేమ 68 శాతం అయితే 27 − 6.4 = 20.6. కాంక్రీటు ఉపరితలం దానికన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. మాది 25 ఉంది, తేడా 4.4. సరే అనుకున్నాం.

1. మొదటి పూత చదరపు మీటరుకు 0.3 కిలో, మొత్తం 12 కిలోలు. స్క్వీజీతో (రబ్బరు అంచున్న బద్ద) లాగి, రోలరుతో అడ్డంగా వెనక్కి రుద్దాం.
2. సాయంత్రం 6కి మొదలుపెట్టాం. పొద్దున వేడెక్కుతున్న కాంక్రీటు లోపలి గాలిని బయటికి తోసి పూతలో సూదిబెజ్జాలు చేస్తుంది. చల్లారుతున్న కాంక్రీటు పూతనే లోపలికి లాక్కుంటుంది.
3. మర్నాడు 14 గంటల తర్వాత చూస్తే బెజ్జాలు లేవు. కానీ...

రెండో తప్పు. చేయి వేస్తే మైనం రాసినట్టు జిడ్డుగా తగిలింది. వంగి వెలుతురుకు ఎదురుగా చూస్తే మెరుపు మీద పలచటి పొగ కమ్మినట్టుంది. నీళ్లు చల్లితే పరుచుకోకుండా చుక్కలుగా కూడుకున్నాయి. రాత్రి గాలి 23 డిగ్రీలకు దిగి తేమ 88 శాతానికి ఎక్కింది. మంచుబిందువు అదే 20.6, కాంక్రీటు 23.5, తేడా 2.9కి పడిపోయింది. ఇంకా గట్టిపడని హార్డెనరు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడుతో కలిసి పైన ఈ జిడ్డు పొర కట్టింది. దీని మీద నేరుగా రెండో పూత వేస్తే ఎంత మంచి సరుకైనా పట్టుకోదు. గ్యాసు హీటరు పెట్టి గది వేడి చేద్దామనిపిస్తుంది గానీ అదీ తేమను, అదే వాయువును వదులుతుంది, జిడ్డు ఇంకా పెరుగుతుంది.

దిద్దుబాటు: గోరువెచ్చని నీళ్లు, గరుకు ప్యాడు. సాల్వెంటుతో తుడిస్తే జిడ్డు పోదు, అటూ ఇటూ పరుచుకుంటుంది. కడిగి, ఆరబెట్టి, 100 నంబరు ఎమరీ కాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్ది, వాక్యూమ్ చేశాం. ఐదు గంటలు.

రెండో పూతకు సమయం మార్చాం. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో గంటగంటకూ కాంక్రీటును కొలిస్తే మధ్యాహ్నం 2:30కి 28.2 దగ్గర ఆగింది, 4 గంటలకు 27.6. దిగడం మొదలైన వెంటనే, అంటే 4కి మొదలుపెడితే, రాత్రి తేమ ఎక్కేలోపు ఆరేడు గంటల గట్టితనం దొరుకుతుంది. చదరపు మీటరుకు 0.25 కిలో, మొత్తం 10 కిలోలు. జిడ్డు రాలేదు.

మూడో తప్పు, దీనికి వాతావరణంతో సంబంధం లేదు. చివరి ఒక కిలో మిశ్రమం వేసిన 4 చదరపు మీటర్లు మర్నాటికి కూడా గోరు దిగేంత మెత్తగా ఉంది. డబ్బా మీద ‘2:1’ అని ఉంది. అది ఘనపరిమాణంలో. నిండు డబ్బాలు కలిపినంతసేపూ తేడా రాలేదు, చివరి విడి భాగాన్ని తక్కెడ మీద బరువుతో 2:1 తూచారు. రెజిన్ లీటరు 1.15 కిలోలు, హార్డెనరు 0.98 కిలో. ఘనపరిమాణంలో 2:1 అంటే బరువులో 100కి 43 మాత్రమే. 50 వేయడంతో హార్డెనరు ఆరోవంతు ఎక్కువైంది. మిగిలిపోయిన హార్డెనరుకు జత కట్టే రెజిన్ ఉండదు, అది అలా మెత్తగానే ఉండిపోతుంది. ఎండలో పెట్టినా, నెల ఆగినా గట్టిపడదు. పైన ఇంకో పూత వేసి దాచడం అన్నిటికన్నా పెద్ద తప్పు. మొత్తం గీకి, సాల్వెంటుతో తుడిచి, రుద్ది, ఒకటిన్నర కిలోతో మళ్లీ వేశాం. నాలుగు గంటలు.

ఆ తర్వాత కలపడానికి రాసుకున్న క్రమం:

1. సూచనపత్రంలో బరువు నిష్పత్తి వేరే ఇచ్చారా చూసి, దాన్ని బకెట్టు మీదే మార్కరుతో రాయాలి.
2. రెజిన్‌ను ముందు ఒక్కదాన్నే కలిపి, అడుగున పేరుకున్న రంగు పైకి తేవాలి.
3. హార్డెనరు పోసి 300–400 ఆర్‌పీఎం మీద మూడు నిమిషాలు. వేగం పెంచితే గాలి చేరుతుంది.
4. పక్కలు, అడుగు గీకి, రెండో శుభ్రమైన బకెట్టులోకి వంచి ఇంకో నిమిషం కలపాలి.
5. మొదటి బకెట్టు గోడలకు అంటుకున్నది నేల మీద గీకకూడదు. అది సరిగ్గా కలవని సరుకు, ఎక్కడ పడితే అక్కడ మెత్తటి మచ్చ వస్తుంది.
6. నైట్రైల్ చేతితొడుగులు తప్పనిసరి. చర్మానికి తరచూ తగిలితే అలెర్జీ పుడుతుంది, ఒకసారి పుడితే జన్మంతా ఉంటుంది. చేతికి అంటితే సబ్బునీళ్లే, సాల్వెంటు వద్దు. సాల్వెంటు దాన్ని చర్మంలోకి ఇంకా లోపలికి పంపుతుంది.

మొత్తం ఇప్పటికి: 46 పనిగంటలు, 34.5 కిలోలు.

## దశ 4: 2 మి.మీ. అసలు పొర

లెక్క సులువు. ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. మందం అంటే ఒక లీటరు. 40 × 2 = 80 లీటర్లు. రెజిన్ మిశ్రమానికి సమాన బరువున 0.1–0.3 మి.మీ. పొడి క్వార్ట్జ్ ఇసుక కలిపితే లీటరు 1.55 కిలోల దగ్గర తూగుతుంది. అంటే 124 కిలోలు, వృథాకు కొంచెం కలిపి 65 + 65 = 130 కిలోలు.

ఒక్కో విడతకు 10 కిలోల మిశ్రమం, 10 కిలోల ఇసుక. ఒక విడత దాదాపు 6.4 చదరపు మీటర్లు పరుచుకుంటుంది. మొత్తం ఆరున్నర విడతలు, విడతకూ విడతకూ మధ్య పది నిమిషాలు. ముగ్గురు లేకుండా ఇది జరగదు: ఒకరు కలపాలి, ఒకరు పళ్ల తాపీతో లాగాలి, ఒకరు మేకుల బూట్లు వేసుకుని, బుడగలు తీసే మేకుల స్పైక్ రోలరు నడపాలి. అన్ని విడతలకూ ఇసుక, రెజిన్, హార్డెనరు ముందే తూచి వరసగా పెట్టుకోవాలి. మధ్యలో తూచడానికి కూర్చుంటే తడి అంచు గట్టిపడి, అతుకు గీత ఎప్పటికీ కనిపిస్తుంది.

కలిపిన వెంటనే నేల మీద పోసేయాలి. బకెట్టులో ముద్దగా ఉంటే తన వేడికి తానే వేడెక్కి 25 నిమిషాల్లో గట్టిపడుతుంది. నేల మీద పలచగా ఉంటే ఇంకా సేపు ఆగుతుంది. గది పది డిగ్రీలు వేడెక్కితే ఈ సమయం దాదాపు సగమవుతుంది. మిగిలిన సరుకును బకెట్టులోనే వదిలితే పొగలు వస్తాయి, ఇసుక మీద పలచగా పారబోయాలి.

తడి పూత మందం కొలిచే పళ్ల దువ్వెనతో 12 చోట్ల కొలిస్తే 1.7 నుంచి 2.6 మి.మీ. వచ్చింది. ‘తనంతట తానే మట్టమవుతుంది’ అనే మాటను నమ్ముకోకండి. అది నున్నగా పరుచుకుంటుంది గానీ 3 మి.మీ. పల్లాన్ని దాచదు. పల్లాలు మోర్టారుతో ముందే నింపాలి.

నాలుగో తప్పు. ఐదో విడత మీద స్పైక్ రోలరు రెండోసారి అరగంట తర్వాత నడిచింది. అప్పటికి చిక్కబడ్డ పొరలో మేకుల గుంటలు పూడలేదు. ఒకటిన్నర చదరపు మీటర్ల మేర మశూచి మచ్చల్లా మిగిలాయి. సరుకు పోసిన పదిహేను నిమిషాల్లోపే రోలరు నడపాలి, ఆపైన బుడగ కనిపించినా చేయి పెట్టకూడదు. మర్నాడు రుద్ది, అర కిలో సరుకుతో పలచగా తాపీ లాగి పూడ్చాం. రెండు గంటలు.

మొత్తం ఇప్పటికి: 59 పనిగంటలు, 165 కిలోలు.

## దశ 5: టాప్ కోట్, జాయింట్లు

మామూలు ఎపాక్సీ ఎండకు పసుపెక్కుతుంది, కొన్నాళ్లకు సుద్దలా రాలుతుంది. గదికి తలుపు వైపు నుంచి ఎండ పడుతుంది. అందుకని అన్నిటికన్నా పైన ఆలిఫాటిక్ (ఎండకు పసుపెక్కని రకం) పాలీయురిథేన్ టాప్ కోట్ వేశాం. గీతలను కూడా ఇది ఎపాక్సీకన్నా బాగా తట్టుకుంటుంది.

లీటరుకు ఎన్ని చదరపు మీటర్లు వస్తుందో: ఘనపదార్థ శాతం × 10 ÷ ఎండిన మందం మైక్రాన్లలో. 60 శాతం సరుకు, 70 మైక్రాన్లు కావాలంటే లీటరుకు 8.6 చదరపు మీటర్లు. 40కి 4.7 లీటర్లు, వృథాతో 5.4 పట్టింది. జారకుండా ఉండడానికి సన్నని అల్యూమినియం ఆక్సైడు పొడి కలిపాం. పొడి ముతకైతే మురికి పట్టి తుడవడం కష్టమవుతుంది.

గడువు ముఖ్యం. కింది పొర వేసిన 24 గంటల్లోపు టాప్ కోట్ వేస్తే రసాయనికంగా కలుస్తుంది, దాటితే మొత్తం రుద్దాలి. ఇక్కడ 20 గంటలకే వేశాం. కొత్త రోలరుకు టేపు చుట్టి లాగేస్తే వదులు నూలు ముందే పోతుంది. టాప్ కోట్ హార్డెనరులోని ఐసోసయనేటు ఆవిరికి దుమ్ము మాస్కు పనికిరాదు, ఆవిరిని పట్టే కార్ట్రిడ్జి మాస్కు, బాగా గాలి ఆడే ఏర్పాటు కావాలి.

మూడో రోజు జాయింట్ల గీత వెంట మళ్లీ కోసి, సాగే పాలీయురియాతో నింపాం: 10 మీటర్లు, ఒక లీటరు. నడక మర్నాటి నుంచి, కారు ఏడు రోజుల తర్వాత. ఈ ఏడు రోజులు ఓపిక పట్టకపోతే టైరు అచ్చు మళ్లీ పడుతుంది.

పని పూర్తి: 66 పనిగంటలు. ఇందులో పరీక్షలు, గ్రైండింగ్, మరమ్మతు కలిపి 29. తప్పులకూ దిద్దుబాట్లకూ పోయినవి పన్నెండున్నర.

## ఖర్చు, 100 భాగాల్లో

- అసలు పొర రెజిన్, హార్డెనరు 65 కిలోలు: 46
- చెమ్మను ఆపే పొర: 17
- గ్రైండరు అద్దె, సెగ్మెంట్లు: 15
- టాప్ కోట్: 10
- రోలర్లు, మాస్కులు, తొడుగులు, బకెట్లు: 5
- ఇసుక, పగుళ్ల ముద్ద, జాయింటు సరుకు: 4
- మళ్లీ చేసినవాటి సామగ్రి: 3

ఇదే కొలమానంలో పాత పెయింటుకు 12 భాగాలు పడింది. 14 నెలలు నిలిచింది, అంటే ఏడాదికి 10.3. కొత్త గచ్చు పదేళ్లు నిలిచి, మధ్యలో ఒకసారి టాప్ కోట్ (రుద్దుడుతో కలిపి 13) పడితే ఏడాదికి 11.3. సామగ్రి డబ్బు ఒక్కటే చూస్తే చవక పెయింటు ఇంకా కాస్త తక్కువే. అయితే పెయింటు లేచిన ప్రతిసారీ గీకడానికి ఐదారు గంటలు, గది ఖాళీ చేయడం అదనం. పదేళ్లన్నది మాత్రం అంచనాయే, ఇప్పటికి రెండేళ్లే గడిచాయి.

ఖర్చు తగ్గించాల్సి వస్తే ఎక్కడ కోయాలన్నదే అసలు సంగతి. 2 మి.మీ. బదులు 0.4 మి.మీ. చిక్కటి రోలరు పూత వేస్తే 46 భాగాలు 16కు దిగుతాయి, మొత్తం 70 అవుతుంది. రెండుసార్లు టాప్ కోట్ పడ్డా పదేళ్లకు 96. ఒక్క కారు, తేలిక పనిముట్లు ఉండే గదికి అది చాలు. బరువైన ఇనుప సామాను పడే చోటే 2 మి.మీ. అవసరం. గ్రైండింగ్ మీద, చెమ్మ పొర మీద ఉన్న 32 భాగాల్లో మాత్రం చేయి పెట్టకండి.

## నిర్వహణ డైరీ

మొదటి నెల. వారానికోసారి చేసేది ఇంతే:
1. ముందు మెత్తటి మాపుతో పొడి దుమ్ము తీయాలి. గచ్చును గీసేది కాళ్లకింది ఇసుకే.
2. తటస్థ పీహెచ్ క్లీనరు పలచగా, మైక్రోఫైబరు మాపుతో.
3. మంచినీళ్లతో ఒకసారి.

సబ్బు వాడితే పొర కట్టి జారుతుంది. వెనిగరు, నిమ్మ ఆమ్లం మెరుపు తీస్తాయి. బ్యాటరీ ఆమ్లం, బ్రేకు ద్రవం పడితే అప్పటికప్పుడు తుడిచి కడగాలి. మరిగే నీళ్లు పోయకూడదు. వేడికి ఎపాక్సీ కాంక్రీటుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ సాగుతుంది, ఆ లాగుడు అతుకు మీద పడుతుంది. రోజూ వేడినీళ్లు పడే గది అయితే ఎపాక్సీ బదులు పాలీయురిథేన్ సిమెంటు గచ్చు చూసుకోవాలి.

6వ నెల. 60 డిగ్రీల కోణంలో కొలిచే మెరుపు మీటరు అంకెలు: మొదట అంతటా 84. ఇప్పుడు టైరు దారిలో 77, బల్ల కింద 83. రబ్బరు మ్యాటు కింద గోధుమ రంగు మచ్చ, తుడిస్తే పోవడం లేదు. రబ్బరులోని పదార్థాలు పూతలోకి దిగాయి. మ్యాటు తీసి పాలీప్రొపిలీన్‌ది వేశాం.

11వ నెల. తలుపు గడప దగ్గర 30 సెం.మీ. అంచు లేచింది. పూత అక్కడ మందం తగ్గుతూ గాలిలో ఆగిపోయినట్టుంది, చక్రం దాని అంచును రోజూ తన్నుతోంది. గ్రైండింగ్ రోజునే గడప పొడవునా 6 మి.మీ. గాడి కోసి, పూతను అందులోకి దింపి ఆపాలి. అది మరిచిపోయాం. మరమ్మతు:
1. లేచినదాన్ని వదులుగా ఉన్నంత మేరా గీకి, అంచును గ్రైండరుతో తిన్నటి గీతగా కోయాలి. వంకర అతుకు దూరం నుంచే కనిపిస్తుంది.
2. గడప మొత్తానికి 6 × 6 మి.మీ. గాడి.
3. చెమ్మ పొర, ఇసుక కలిపిన ఎపాక్సీ, టాప్ కోట్. మూడు గంటలు.

మొత్తం: 69 పనిగంటలు.

14వ నెల. పాత పెయింటు పోయిన వయసు. గోడవార తట్టి చూస్తే బోలు శబ్దం ఎక్కడా లేదు, పొక్కులు లేవు. టైరు దారి 69.

24వ నెల. టైరు దారి 58, బల్ల కింద 81. సన్న గీతలు టాప్ కోట్ లోపలే ఉన్నాయి, కింది ఎపాక్సీ ఎక్కడా బయటపడలేదు. మెరుపు 50కి వచ్చేసరికి 120 నంబరుతో రుద్ది కొత్త టాప్ కోట్ వేయాలని పెట్టుకున్నాం. ఎపాక్సీ తేలేదాకా ఆగితే అరిగిన చోట దాన్ని ముందు పూడ్చాల్సి వస్తుంది, ఖర్చు పెరుగుతుంది.

మరమ్మతుకని దాచిన రెజిన్ డబ్బా తెరిస్తే చక్కెర పాకంలా గింజ కట్టింది. అది చెడిపోయినట్టు కాదు, చలికి స్ఫటికాలు కట్టింది. మూత వదులు చేసి 50 డిగ్రీల నీళ్లలో గంటన్నర ఉంచితే తేటపడింది. అడుగున గింజలు పూర్తిగా కరిగాయో లేదో కర్రతో చూసి, గది ఉష్ణోగ్రతకు చల్లారాకే హార్డెనరు కలపాలి. వేడిగా ఉండగానే కలిపితే బకెట్టులోనే గట్టిపడుతుంది.